గోడకి ఇవతల గాజువాక

అమ్మలూ,

థీసిస్‌కి విశాఖ శివారులోని మన గాజువాక తీసుకున్నానని నువ్వు చెప్పగానే మీ అమ్మ "అంత దూరం విజయవాడ వెళ్ళి చదువుతూ మళ్ళీ మనూరేనా" అంది గానీ, నాకు మాత్రం చాలా సంతోషమేసింది తల్లీ. ఆ సంగతి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, షాపులో గ్రైండింగ్ నడుస్తోంది అప్పుడు, నీ మాట నాకు సగమే వినపడింది. అందుకే ఈ రోజు ఆదివారం కదా అని కూర్చుని టైప్ చేస్తున్నాను. పెద్దగానే ఉంటుంది, తీరిక చేసుకుని చదువు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ఆ నాలుగు పేజీలు చదివాను. మొదటి లైనులోనే "స్టీల్ ప్లాంట్ వల్ల ఏర్పడిన శివారు" అని రాసావు. అది సగం నిజమే. కానీ అక్కడ మొదలుపెడితే మిగతా సగం నీకు దొరకదు. మనవైపు ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, ప్రతీదానికి ఒక గోడ, ఒక గేటు, లోపల క్వార్టర్స్. ఆ గోడలకి ఇవతల మిగిలిన జాగాలో జనం ఎవరికి వాళ్ళు కట్టుకున్న ఊరే గాజువాక. దీన్ని ఎవరూ ముందు గీసి కట్టలేదు. నువ్వు ప్లానింగ్ చదువుతున్నావు కాబట్టి ఈ మాట నీకు ముందే చెప్పాలనిపించింది.

అసలు మొదలు పోర్టు దగ్గర. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఉప్పుటేరు, దాని వెనకాల అంతా బురద నేల, దాన్ని తవ్వి తవ్వి 1933లో హార్బరు తెరిచారు. మధ్యపరగణాల (ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు) మాంగనీసు ఇటు నుంచి ఓడెక్కించాలని అప్పటి ఆలోచన, అందుకే రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలు లైను కూడా వేసారు. సముద్రం ఇసుక తెచ్చి ముఖద్వారం పూడ్చేస్తోందని రెండు పాత ఓడల్ని తెచ్చి అక్కడే ముంచి అడ్డుకట్ట చేసారు, ఇది మా చిన్నప్పుడు ముసలివాళ్ళు కథలాగ చెప్పేవారు, తర్వాత చదివితే నిజమే.

ఆ తర్వాత షిప్‌యార్డ్. వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ వాళ్ళది. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ గారు శంకుస్థాపన చేసారు, ఏడాది తిరక్కుండానే 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చి వైజాగ్ మీద బాంబులేసాయి. 1948 మార్చి 14న "జల ఉష" ఓడని నెహ్రూ గారు నీళ్ళలోకి దింపారు. స్వతంత్రం వచ్చి అప్పటికి ఏడు నెలలు. 8 వేల టన్నుల ఓడ మన కొండ కింద తయారైందంటే అప్పట్లో అదెంత గొప్పో ఒక్కసారి ఊహించుకో. 1952లో గవర్నమెంటు మెజారిటీ వాటా తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డ్ చేసింది, మెల్లగా మొత్తం తీసుకుంది, కానీ మనవాళ్ళకి అది ఇప్పటికీ సింధియానే, బస్సులో టికెట్ కూడా సింధియాకే అడుగుతారు.

1957లో మల్కాపురం దగ్గర కాల్టెక్స్ రిఫైనరీ, అదే తర్వాత హెచ్‌పీసీఎల్. 1966లో ఫ్యాక్టరీలకి పెద్ద పెద్ద ట్యాంకులు, వెసల్స్ చేసే బీహెచ్‌పీవీ, 1967లో కోరమండల్ ఎరువులు, 1977లో జింక్ ఫ్యాక్టరీ. చూడు, స్టీల్ ప్లాంట్‌లో ఒక్క కిలో ఇనుము కూడా కరగకముందే సింధియా నుంచి మింది, నాతయ్యపాలెం దాకా ఇవన్నీ వచ్చేసాయి. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా నుంచి జనం పనికోసం దిగుతూనే ఉన్నారు. వాళ్ళలో పర్మినెంట్ అయినవాడికి క్వార్టర్ దొరికింది. కాంట్రాక్టు కూలీ, మేస్త్రీ, వాళ్ళకి అన్నం వండే క్యారేజీ ఆవిడ, సైకిల్ షాపువాడు, వీళ్ళంతా ఎక్కడ పడుకోవాలి? మల్కాపురం, శ్రీహరిపురం, పాత గాజువాక, ఇలాగ రోడ్డు వెంబడి వరసగా నిండిపోయాయి. నీ మ్యాపులో ఊరు రోడ్డుకి అటూ ఇటూ పొడుగ్గా సాగినట్టు కనిపిస్తుంది కదా, దానికి కారణం ఇదే, జనం ఫ్యాక్టరీ గేటుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఇల్లు చూసుకున్నారు.

ఇక స్టీల్ ప్లాంట్ సంగతి. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని గోడల మీద చదువుతూ పెరిగినదానివి నువ్వు, కానీ ఆ మాట వెనక ఎంతుందో మీ వయసు వాళ్ళకి పూర్తిగా తెలీదని నా అనుమానం. విశాఖే సరైన చోటు అని నిపుణుల బృందం చెప్పాక కూడా ఢిల్లీలో నాన్చుతుంటే 1966 అక్టోబరులో అమృతరావు గారు నిరాహారదీక్షకి కూర్చున్నారు, రాష్ట్రమంతా అంటుకుంది. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి. మొత్తం ఉద్యమంలో 32 మంది పోయారని చెప్తారు, వాళ్ళలో చదువుకునే పిల్లలున్నారు. ఎమ్మెల్యేలు రాజీనామాలు చేసారు, తెన్నేటి విశ్వనాథం గారు అందరినీ ఒక్క తాటి మీదకి తెచ్చారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ గారు పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న వచ్చి రాయి వేసారు. నేను అప్పుడు చిన్నపిల్లాణ్ణి, తాత భుజం మీద కూర్చుని జనాన్ని చూసానని మీ నానమ్మ చెప్పేది, నాకైతే గుర్తులేదు.

రాయి వేసాక మళ్ళీ ఎన్నేళ్ళు. ప్లాంటు నడపడానికి ఆర్‌ఐఎన్‌ఎల్ అని కంపెనీ పెట్టింది 1982లో, ఇనుము కరిగించే పెద్ద కొలిమి, మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది 1990లో, దానికి గోదావరి అని పేరు పెట్టారు, రెండోది కృష్ణ, చాలా ఏళ్ళ తర్వాత మూడోది అన్నపూర్ణ. 1992 ఆగస్టు 1న పీవీ గారు జాతికి అంకితం చేసారు. ఇవన్నీ నీకు ఏ పుస్తకంలో అయినా దొరుకుతాయి. నేను చెప్పాలనుకున్నది రాయి వేసిన రోజుకీ ఫర్నేస్ వెలిగిన రోజుకీ మధ్య మన ఊళ్ళల్లో జరిగినది.

ప్లాంటు కోసం ఖాళీ చేయించినవి 64 ఊళ్ళు అంటారు. 20 వేల ఎకరాల పైమాటే. మన పాత ఊరు అందులో ఒకటి. చెరువు కింద వరి, మెట్ట మీద జీడి, సరుగుడు, గట్ల మీద తాటి చెట్లు, వానాకాలం గెడ్డ, అదే వాగు, పొంగితే అటువాళ్ళు అటే ఇటువాళ్ళు ఇటే. మనది పెద్ద భూమేం కాదు, కానీ తిండికి బయట కొనే పని లేదు. ఊరు ఖాళీ చెయ్యాలన్నప్పుడు మీ తాత తిరగబడలేదు, ఎందుకంటే ఫ్యాక్టరీ కావాలని ఊరేగింపులో నడిచిన మనిషి ఆయన కూడా. దేశానికి ఉక్కు కావాలి, మన పిల్లలకి పని కావాలి, ఇస్తాం, అన్నాడు. పరిహారం ఇచ్చారు, కాలనీలో ఇంటి స్థలం ఇచ్చారు, భూమి పోయిన నిర్వాసితులమని ఆర్ కార్డు ఇచ్చారు. పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి వైపు ఆ కాలనీలు ఎలా వచ్చాయో నువ్వు ఒక్కో వీధి తిరిగి రాసుకో. ఊరు ఊరంతా ఒకే చోటికి రాలేదు. పక్కింటి వాళ్ళు ఒక కాలనీలో పడితే మన బంధువులు ఇంకోచోట. ఊరి అమ్మవారికి మళ్ళీ గుడి కట్టుకుని, పండగ ఎవరు ఎత్తాలి అన్నదానికి కూడా మళ్ళీ పెద్దమనుషులు కూర్చోవాల్సొచ్చింది. ఒక రైతు తన పొలం పోయాక పొద్దున్నే లేచి ఏం చేస్తాడో ఎప్పుడైనా ఆలోచించావా? మీ తాత రోజూ తెల్లారి కండువా వేసుకుని గోడ దాకా నడిచి వెళ్ళి వచ్చేవాడు. అక్కడ ఏం చూసేవాడో ఎవరం అడగలేదు. కొన్నాళ్ళకి మీ పెదనాన్నకి ప్లాంటులో ఉద్యోగమొచ్చింది, ఏ షిఫ్టు బి షిఫ్టు సి షిఫ్టు అంటూ ఇంటి గడియారమే మారిపోయింది, తాత కూడా మెల్లగా మామూలయ్యాడు.

ప్లాంటు టౌన్‌షిప్ ఉక్కునగరం నీకు తెలుసు, అక్కడి స్కూల్లోనే నీ ఫ్రెండ్స్ అంతా. వెడల్పు రోడ్లు, చెట్లు, హాస్పిటల్, స్టేడియం, డ్రైనేజీ అన్నీ లెక్క ప్రకారం. ప్లాంటుకి నీళ్ళ కోసం ఏలేరు నుంచి వంద కిలోమీటర్లు దాటి కాలువ తెచ్చి కణితి రిజర్వాయర్ నింపారు. అంత దూరం నుంచి నీరు తేగలిగిన దేశమే గోడకి ఇవతల కాలనీల్లో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని ట్యాంకర్ దగ్గర నిలబడ్డ రోజుల్ని కూడా చూసింది. నేను దీన్ని కోపంతో రాయట్లేదమ్మా. లోపల చేసింది బాగా చేసారు, అదే పద్ధతి బయట కూడా ఎందుకు రాలేదు అన్నదే నువ్వు తవ్వాల్సిన ప్రశ్న, నా మనసులో ఇన్నేళ్ళుగా ఉన్నది కూడా అదే. టౌన్‌షిప్ కంపెనీ బాధ్యత, బయట పంచాయితీల బాధ్యత, తర్వాత గాజువాక మున్సిపాలిటీ, ఆ తర్వాత 2005లో అందరినీ కలిపి విశాఖ మహానగర కార్పొరేషన్, అదే జీవీఎంసీ. ఊరు ముందు నిండిపోయింది, దాన్ని చూసుకోవాల్సిన ఆఫీసు తర్వాత వచ్చింది. అప్పటికే గెడ్డలు కాలువలైపోయి, వాటి మీద మెట్లు, షెడ్లు లేచిపోయాయి. గట్టి వాన పడితే రోడ్డు మీదకి నీళ్ళొస్తే అందరూ డ్రైనేజీ బాలేదు అంటారు, ఆ నీళ్ళు పాత గెడ్డ దారినే పోతున్నాయని మాత్రం ఎవరూ అనరు. యారాడ కొండ నుంచి దిగే వాన నీరు పూర్వం ఎటు పోయేదో కొండలు, వాగులు గీసిన పాత టోపో షీట్లలో చూడు, నీకు చాలా అర్థమవుతుంది.

మా వర్క్‌షాపు షెడ్లుండే ఆటోనగర్ గురించి నీ పేజీల్లో ఒక్క లైనే ఉంది, అది మాత్రం నాకు కొంచెం బాధేసింది, ఎందుకంటే ప్లాంట్లు పెద్దగా కనపడతాయి గానీ గాజువాకని పోషించింది చాలావరకు ఈ షెడ్లే. నేను లేత్ నేర్చుకున్నది ఇక్కడే, మేస్త్రీ గారి దగ్గర రెండేళ్ళు చక్ కింద చిప్పులు ఊడ్చాక గానీ టూల్ ముట్టుకోనివ్వలేదు. కన్వేయర్ రోలర్ల షాఫ్టులు, పంపు స్లీవులు, గన్‌మెటల్ బుష్‌లు, లారీ హబ్బులు, ఏ ఫ్యాక్టరీలో ఏది విరిగినా రాత్రికి రాత్రి ఇటే వస్తాయి. ఒక సంగతి చెప్తాను, ఇది ఏ సర్వేలోనూ ఉండదు. మనకి సముద్రం నాలుగైదు కిలోమీటర్లే కదా, సాయంత్రం గాలి తిరిగాక అందులో ఉప్పు ఉంటుంది. మిల్లీమీటర్‌లో వందో వంతు చూసి ఫినిష్ చేసిన షాఫ్టు, అద్దంలా మెరుస్తుంటుంది, దానికి రాత్రి గ్రీజు పూసి కాగితం చుట్టకుండా వదిలేస్తే తెల్లారేసరికి వేలిముద్రలు పడిన చోటల్లా ఎర్రగా తుప్పు తేలుతుంది. ఎవరు పట్టుకున్నారో వేళ్ళు లెక్కపెట్టి చెప్పొచ్చు. అందుకే కొత్త కుర్రాడికి నేను మొదట నేర్పేది గ్రీజు పుయ్యడం. ఈ గాలే ఇళ్ళ స్లాబుల్లో కడ్డీలు ఉబ్బేలా చేస్తుంది, ఈ గాలే దుమ్ముతో కలిసి ఆరేసిన బట్టల మీద నల్లగా కూర్చుంటుంది. మీ అమ్మ బట్టలు ఉతికాక మేడ మీద తీగని ముందు తడిగుడ్డతో తుడిచి గానీ ఆరెయ్యదు, చిన్నప్పటి నుంచి చూసినదానివే.

కాలుష్యం గురించి మెత్తగా రాయకు. ఇటు యారాడ కొండ, అటు సింహాచలం కొండలు, మధ్యలో పళ్ళెంలా ఉంటుంది మన నేల, గాలి కదలని శీతాకాలం రోజుల్లో పొగ పైకి పోదు, అక్కడే తిరుగుతుంది. బొగ్గు, గంధకం, ఎరువుల దుమ్ము, లారీల డీజిలు, అన్నీ అందులోనే. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో గ్యాస్ పేలుడు జరిగి 60 మంది దాకా చనిపోయారు, మల్కాపురం చుట్టుపక్కల జనం చేతికందింది పట్టుకుని పరుగులు తీసారు. ట్యాంకులకీ ఇళ్ళకీ మధ్య ఎంత దూరం ఉండాలి అనే మాట అప్పుడు అందరూ మాట్లాడారు. తర్వాత ఆ దూరం పెరిగిందా తగ్గిందా, శాటిలైట్ ఫోటోలు పక్కపక్కన పెట్టి నువ్వే కొలువు, నువ్వు చెయ్యగలిగిన పని అది. మీ సార్‌కి కూడా నచ్చుతుంది.

గంగవరం వెళ్ళకుండా మాత్రం థీసిస్ ముగించకు. ఇరవై మీటర్ల పైన లోతు, పెద్ద పెద్ద బొగ్గు ఓడలు నేరుగా వచ్చి ఆగుతాయి, 2009లో మొదలైంది. వ్యాపారంగా చూస్తే గొప్ప పోర్టే, కాదనను. కానీ అక్కడ గంగవరం, దిబ్బపాలెం జాలర్లకి అది వాకిలి. పొలం పోయిన రైతుకి ఇంకో చోట పొలం కొనుక్కోవచ్చు అనే ఆశైనా ఉంటుంది, తెప్ప దింపే ఒడ్డు పోయినవాడికి వేరే ఒడ్డు ఎవరిస్తారు, ప్రతి ఒడ్డుకీ అప్పటికే ఒక ఊరుంటుంది కదా. వాళ్ళు చాలా పోరాడారు, అది కూడా గాజువాక చరిత్రే. వాళ్ళ ఆడవాళ్ళతో మాట్లాడు, గంపలో చేపలు పెట్టుకుని గాజువాక మార్కెట్‌కి ఎలా వచ్చేవారో, ఇప్పుడు ఆ చేపలే ఎక్కడ కొంటున్నారో అడుగు.

దువ్వాడ సెజ్ కూడా చూడు, ఎక్స్‌పోర్ట్ జోన్‌గా 1989లో పెట్టారు. పొద్దున్న బస్సుల్లోంచి దిగే ఆడపిల్లల్ని చూస్తే, మన వైపు ఇంట్లోంచి బయటికి వచ్చి జీతం తీసుకున్న మొదటి తరం ఎవరో తెలుస్తుంది. మీ చిన్నత్త కూడా పెళ్ళికి ముందు అక్కడే చేసింది, తన జీతంతోనే బాబాయ్ డిప్లొమా ఫీజు కట్టాం.

తర్వాత చాలా మారిపోయింది, నువ్వు చూస్తూనే పెరిగావు. బంగారం షాపులు, బట్టల మాల్స్, కోచింగ్ సెంటర్లు, వినాయక చవితికి ఊరి పేరు వార్తల్లోకి వచ్చేంత ఎత్తు విగ్రహాలు. సిటీలోకి వెళ్ళకుండానే అన్నీ ఇక్కడే దొరుకుతున్నాయి. కానీ ఈ షాపుల గల్లాపెట్టెలు ఇప్పటికీ ప్లాంటు జీతాల తారీఖు చూసుకునే నిండుతాయి. అందుకే 2021 జనవరిలో మొత్తం వాటా అమ్మేస్తామని కేంద్రం నిర్ణయించగానే కార్మికులతో పాటు కూరగాయల ఆవిడ దాకా అందరికీ గుండెల్లో రాయి పడింది. కూర్మన్నపాలెం జంక్షన్లో టెంటు వేసి ఏళ్ళ తరబడి కూర్చున్నారు, మీ పెదనాన్న రిటైరయ్యాక కూడా వెళ్ళి కూర్చున్నాడు. నా అభిప్రాయం నీకు తెలుసు. సొంత ఇనుప గని లేకుండా, ప్రతి టన్ను ఖనిజం కొనుక్కుంటూ 73 లక్షల టన్నుల స్థాయికి ఎదిగిన ప్లాంటుని నష్టాల లెక్క ఒక్కటే చూపించి అమ్మడం న్యాయం కాదు. ఆ నేల రైతులు ఇచ్చింది ఫ్యాక్టరీ నడపడానికే. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, కొంచెం ఊపిరాడింది, ఆటోనగర్‌లో మళ్ళీ నాలుగు ఆర్డర్లు కదిలాయి. కాంట్రాక్టు కుర్రాళ్ళ భయం మాత్రం పోలేదు, వాళ్ళలో ఆర్ కార్డు ఇళ్ళ పిల్లలు, మనవలు కూడా ఉన్నారు.

నువ్వు చివర్లో "ప్రతిపాదనలు" అని ఒక చాప్టర్ రాయాలన్నావు. స్టీల్ ప్లాంట్ జంక్షన్ నుంచి కొమ్మాది దాకా మెట్రో అంటున్నారు, ఫ్లైఓవర్ అంటున్నారు, అవి అందరూ రాస్తారు. నువ్వు మాత్రం షిఫ్టు దిగి రాత్రి పదిన్నరకి నడిచి ఇంటికెళ్ళే మనిషికి ఫుట్‌పాత్ ఎక్కడుందో రాయి. గెడ్డలకి వాటి దారి ఎలా వెనక్కివ్వాలో రాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రేకుల షెడ్లన్నీ ఎగిరిపోయి, కరెంటు లేక, మేమంతా ఒకే ఒక్క పక్కా మేడలో తలదాచుకున్నాం గుర్తుందా, అలాంటి మేడలు ఏ కాలనీలో ఎన్ని ఉన్నాయో లెక్క తీయి. ఇంకోటి, 2022లో జిల్లాలు విడదీసాక పరవాడ ఫార్మా సిటీ అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది, గాజువాక, పెదగంట్యాడ విశాఖలో ఉన్నాయి. పొగకి, మురుగుకి జిల్లా హద్దు తెలీదు కాబట్టి నీ స్టడీ ఏరియా గీత అక్కడ ఆపెయ్యకు.

దసరా సెలవులకి వస్తావు కదా, మూడు రోజులు షాపు కుర్రాడికి అప్పజెప్తాను. ఒక రోజు అప్పికొండ, గంగవరం, ఒక రోజు ఆర్ కాలనీలు, ఒక రోజు మల్కాపురం నుంచి సింధియా దాకా నడుద్దాం, బండి మీద వెళ్తే ఏమీ కనపడదు. విశాఖ ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్డీఏ వాళ్ళ 2041 మాస్టర్ ప్లాన్ షీట్లు మీ లైబ్రరీలో ఉంటే మనవైపువి కాపీ తీసుకురా. తాత భూమి పట్టా, భూసేకరణ పరిహారం అవార్డు కాగితాలు పెదనాన్న ట్రంకు పెట్టెలో ఉన్నాయి, వాటిలో పాత సర్వే నంబర్లు ఉన్నాయి. ఆ నంబర్లు కొత్త షీటు మీద ఎక్కడ పడతాయో చూద్దాం, పెదనాన్న కూడా వస్తానన్నాడు.

ఉంటాను తల్లీ,
నాన్న